మోకాలెత్తు పొరక

సిరిసిల్ల,
12-8-1990

గంగక్కకు,

నీ చెల్లె కళావతి దండాలు. కోరుట్లలో నువ్వూ బావా పిల్లలూ బాగున్నారనుకుంటాను. నేను బాగాలేను. కుళ్లిపోతున్నాను. ఈయనేమో భీవండిలో ఉన్నాడు. ఈ మాట నీకు తప్ప ఎవరికి రాసుకోను?

నా తోటికోడలు అమృత తెలుసు కదా, పక్క వాటాలోనే ఉంటుంది. పెళ్లయి ఎనిమిదేళ్లయినా పిల్లల్లేరు. ఆమె మా వనజ కోసం పొరక పుల్లల్ని సగానికి కోసి మోకాలెత్తున కట్టింది. మేదరాయనతో చేతిలో పట్టేంత చాట అల్లించింది. అద్దకంలో రంగు తప్పి ఆకుపచ్చ బాగా ముదిరిపోయిన గుడ్డముక్క తెచ్చి, గౌను మాయకుండా మెడలో తగిలించుకునేది ఒకటి కుట్టింది. దానికి రెండు జేబులు కూడానూ. ఇక ఆరేళ్ల నా బిడ్డ పొద్దున లేస్తే అక్కడే! వాళ్ల సాంచాల కింద, ఆ మరమగ్గాల నుంచి రాలిన దారప్పోగులన్నీ ఊడ్చి జేబుల్లో నింపుకుంటుంది. నా ఇంట్లో మెతుకు పడితే దాటుకుంటూ పోతుంది. అడిగితే, "నా పొరక చిన్నమ్మ తాన ఉన్నది" అంటుంది.

నిజం చెప్పనా? పోయిన నెల అది నా పొరకే పట్టుకుంది. దాని భుజాల దాకా ఉంటుంది అది. ఊపేసరికి కండెల గంప బోర్లాపడి, నేను చుట్టిన నూలంతా చిక్కుపడింది. వీపు మీద రెండు వేసి, "నీతోని గాదు, అవుతల పో" అన్నాను. పోయింది, అమృత దగ్గరికి.

నిన్న దండెం మీద ఆరేసిన ఆ పచ్చగుడ్డను ఎవరూ చూడకుండా తీసి నా బట్టల సందుగులో దాచాను. అంతటితో ఊరుకున్నానా? నల్లా దగ్గర నలుగురూ వింటుండగా, అమృత ముదురుపచ్చ గుడ్డ కుడుతోంది, అడవిలో ఉన్న అన్నల బట్టలకేమో అని ఎకసెక్కంగా అన్నాను. ఎవరూ నవ్వలేదు. అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు.

నీ కుళ్లుబోతు చెల్లె,
కళావతి


సిరిసిల్ల,
21-8-1990

అక్కా,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. ఆ ఉత్తరం డబ్బాలో వేసిన మూడోనాడు పోలీసు జీపు వచ్చింది. అమృత కుట్టుమిషను కింద పచ్చ పేలికలు దొరికాయి. "పాపకు కుట్టిన సారూ, గా దండెం మీదనే ఉండె" అంది. దండెం మీద లేదు. ఎవరికి పంపావో చెప్పమంటూ ఆమెనూ, మా మరిది చంద్రమౌళినీ జీపెక్కించారు. నేను గడపలోనే నిలబడి ఉన్నాను.

జీపు కదిలాక సందుగు తీశాను. వనజను చంకనేసుకుని ఠాణాకు పరుగెత్తాను. గుడ్డ దాచిందీ నేనే, నల్లా దగ్గర కూసిందీ నేనేనని అమృత ముందరే చెప్పాను. ఎస్సై నమ్మలేదు, పిల్లకు తొడిగి చూపించమన్నాడు. తొడిగాను. సరిగ్గా సరిపోయింది. వనజ అటూ ఇటూ చూసి, ఆయన బల్ల కిందికి దూరి బీడీముక్కలు ఏరి జేబులో వేసుకోవడం మొదలుపెట్టింది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "ఇద్దర్నీ తీస్కపోండి" అన్నాడు.

దారంతా అమృత నాకు నాలుగడుగులు ముందే నడిచింది. తెల్లారి ఆ పొరకా చాటా తెచ్చి నా గడప ముందు పెట్టింది.

"నీ బిడ్డ సామాను నీ తాన్నే ఉండనీ అక్కా."

నేను కోరుకున్నది అదే కదా! కానీ నాలుగు రోజులైనా వనజ వాటిని ముట్టలేదు. చిన్నమ్మ తలుపు వైపే చూస్తూ కూర్చునేది. నేను గెలిచి ఏం చేసుకోను?

నిన్న నా పొరక విప్పి, పుల్లల్ని కత్తిపీట మీద సగానికి కోసి చిన్నగా కట్టాను. దాన్ని తీసుకెళ్లి అమృత చేతికిచ్చి, "గిది నీ ఇంట్ల ఉంచు. పిల్లకు రెండిండ్లల్ల ఉండాలె" అన్నాను. ఆమె నా మొహం చూడలేదు. పొరకను మాత్రం లోపలికి తీసుకుపోయింది.

ఈ పొద్దున వనజ మా వాకిలి ఊడ్చి, తర్వాత అక్కడికి పోయింది. నా కుళ్లు పోయిందనుకోకు అక్కా. అక్కడ ఎంతసేపు ఊడుస్తుందా అని తలుపు చాటు నుంచి చూస్తూనే ఉన్నాను. పెద్ద పొరక ఇక లేదు కదా, గొంతుకూర్చుని, అమృత కట్టిన ఆ మోకాలెత్తు దానితోనే నా ఇల్లు ఊడ్చుకుంటున్నాను.

నీ చెల్లె,
కళావతి