వాకిట్లో షామియానా

ఒరే తమ్ముడూ,

దేవుడి దగ్గర దీపం పెట్టి ఇది రాస్తున్నాను. నీ సంవత్సరీకం అయిన పదోరోజు మన బుజ్జి పుట్టినరోజు వచ్చింది. పిల్లల కోసం టెక్కలి నుంచి మేజిక్కాయన్ని పిలిచాం. ఆట ఎక్కడ పెట్టాలన్నదే తేలలేదు. మరదలు కోటబొమ్మాళిలో ఫంక్షన్ హాలే కావాలంది.

"వాకిట్లో షామియానా వద్దొదినా. ఆ రోజు ఏసినదే సాలు."

నిన్ను పడుకోబెట్టిన చోటు కదా.

బుజ్జే అంది, "హాల్లోకైతే పిలిసినోల్లే వస్తారమ్మా. నాన్నయితే ఈది పిల్లలందర్నీ రమ్మనీవోడు."

"నీ బాబు నోరే వచ్చినాది నీకు," అంటూనే టెంటు హౌసుకి తనే ఫోను చేసింది మరదలు.

పిలవని పిల్లలే ఎక్కువ మంది వచ్చారు. మేజిక్కాయన టోపీలోంచి తీసిన పావురం ఎగిరి మన పెంకుల మీద కూర్చుంది. ఆయన ఎంత బతిమాలినా దిగలేదు. బుజ్జి పొట్ట పట్టుకుని నవ్వింది. దాన్ని చూసి వాళ్లమ్మా నవ్వింది.

ఇన్నాళ్లూ మరదలు ఆ చోటు వదిలేసి, పక్కకి జరిగి ముగ్గు వేసేది. ఈ పొద్దున వదల్లేదురా.

మీ పెద్దప్ప