పిన్ని కట్టిన దండెం

పిన్నీ,

ఏసీ పడని బాబాయికి చల్లగా ఉండాలని కొత్తింటికి సముద్రం వైపే ఆరు కిటికీలు గీశాను. తీరా ప్లాను పంపబోతుంటే ఒక అనుమానం పట్టుకుంది. పెరట్లో బట్టల దండెం అంత ఐమూలగా ఎందుకు కట్టావు?

కొలతలు తీసిన రోజు అది వంకరగా ఉందని నేనే విప్పి, సముద్రానికి ఎదురుగా తిన్నగా కట్టాను. నేనటు వెళ్లగానే “బట్టలు ఆరొద్దూ!” అంటూ మళ్లీ మార్చేశావట. ఆ మాట చెప్పి బాబాయి ఒకటే నవ్వు.

అంటే అక్కడ గాలి సముద్రం మీంచి సూటిగా రాదా? ఒడ్డు వెంట ఏటవాలుగా కొడుతుందా? ఎండాకాలంలోనూ అంతేనా? చీరలు ఏ వైపుకి ఎగురుతాయో రెండు ముక్కలు రాయి. దాన్నిబట్టి ఇంటినే తిప్పేస్తాను.

పునాదికి ముగ్గు పోసేదాకా ఆ దండెం మాత్రం విప్పకు. నేనొచ్చినా విప్పనివ్వకు.

నీ ఇంజనీరమ్మ