వల ముక్క కట్టిన సరుగుడు

నాయనా,

ఈ క్రిస్మస్‌కి మనింట్లోకి ప్లాస్టిక్ చెట్టు వచ్చింది. కోప్పడకు, విను.

వచ్చే ఏడు క్రిస్మస్ చెట్టుకని కొట్టబోయే సరుగుడుకి ముందే గుర్తుగా వల ముక్క కట్టి పెట్టేవాడివి కదా. నువ్వు పోయేముందు కట్టినదాన్ని కొట్టడానికి చిన్నాయన కత్తితో బయల్దేరాడు. అమ్మ అడ్డం నిలబడింది.

"ఆయన కట్టిన చెట్టు మీద కత్తి పడేదానికి లేదు. చెట్టు నేను కొనుక్కొస్తా."

నాయుడుపేట నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. దానికి బెలూన్లు కట్టాం. నక్షత్రం మాత్రం, చర్చి నుంచి వైరు లాగి, నీ సరుగుడు మీద వెలిగించాం. అది ఏడాదిలోనే మన ఇంటి కప్పును దాటేసింది.

పండగ పొద్దున వేట నుంచి తిరిగొచ్చిన చిన్నాయన పడవలోంచే కేకేశాడు:

"వదినా! ఒడ్డు కంటే ముందు అన్న చెట్టే అగపడింది!"