మూడు చుక్కల్లో ఒకటి

సిరిసిల్ల

చిరంజీవి వనజకు అత్తమ్మ ఆశీస్సులు.

ఫోన్‌లో నీ గొంతు వినగానే చెప్పాలనుకున్నది చెప్పలేకపోతున్నాను. అందుకే రాస్తున్నాను.

మా అబ్బాయి పోయి నాలుగేళ్లు. వచ్చే శ్రావణంలో కోరుట్లలో నీకు మళ్లీ పెళ్లి. చేతి మీద పచ్చబొట్టుగా ఉన్న వాడి పేరు తీయించుకుందామని జగిత్యాల ఆసుపత్రి దాకా వెళ్లి, నేను బాధపడతానని తిరిగొచ్చావట. పైగా మీ అమ్మతో, "తిరుపతి అంటే దేవుని పేరే గదనే, ఉండనియ్" అన్నావట. ఆ పేరు ఎవరిదో మనిద్దరికీ తెలుసు తల్లీ.

పోయిన నెల నేనే ఆ ఆసుపత్రికి వెళ్లాను. చిన్నప్పుడు నా మోచేతికి పొడిచిన మూడు పచ్చబొట్టు చుక్కల్లో ఒకదాన్ని చూపించి తీసేయమన్నాను.

"ఒక్కటే ఎందుకమ్మా?" అని డాక్టరమ్మ నవ్వింది.

"నా బిడ్డకు ఎంత నొప్పైతదో సూద్దామని అచ్చిన" అన్నాను.

లేజర్ తగిలితే కాగిన నూనె చిట్లినట్టు చురుక్కుమంటుంది. ముందు తెల్లగా ఉబ్బుతుంది, తర్వాత పొక్కు రావచ్చు. గిల్లకు, ఎండ తగలనీయకు. ఒక్కసారితో పోదు, నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి, చాలాసార్లు వెళ్లాలి. నా చుక్క ఇంకా మసకగా ఉంది. పెళ్లినాటికి నీదీ అలాగే కనిపిస్తే సిగ్గుపడకు.

రోజూ దీపం పెట్టి వాడి పేరు నేను తలుచుకుంటాను. నీ చేతి మీద మోయనక్కర్లేదు.

ఈసారి ఇద్దరం కలిసి వెళ్దాం. అక్కడ నిన్ను కోడలని చెప్పలేదు కనుక నువ్వూ నన్ను అమ్మా అనే పిలువు. ఈ ఉత్తరం దాచుకో, ఎవరికీ చూపించకు.

అత్తమ్మ