షబ్నం కాలు నొప్పి

గుర్రాల ఆసుపత్రి, హైదరాబాద్ శివారు
మార్చి 3

తాతకు జమున దండాలు.

ముప్పయ్యేళ్ళు గనిలో డ్రిల్లు మోత విన్న చెవులు కదా, ఫోన్ చేస్తే నీకు వినపడదు. అందుకే ఉత్తరం. ఎక్స్‌టర్న్‌షిప్ అంటే ఏమిటని అడిగావు. పశువైద్యం చదువు చివరి ఏడాదిలో కాలేజీ వాళ్ళు మమ్మల్ని బయట డాక్టర్ల దగ్గర నెలపాటు పనికి పెడతారు. పక్కనే ఉండి చూసి, చేసి నేర్చుకోవాలి. నా అదృష్టం కొద్దీ సంధ్యారాణి మేడం దొరికారు. వారం నుంచి గుర్రాల గిట్టలు శుభ్రం చేస్తున్నాను. సూది మాత్రం ఇంకా నా చేతికి రాలేదు.

గుర్రాల దగ్గర ఆడపిల్లకేం పని అని నాన్న అడ్డుపడితే, "పోనియ్యిరా, దాని పని దానికి ఎర్కే" అన్నావు. ఆ ఒక్క మాట వల్లే ఇక్కడున్నాను. మర్చిపోను.

నీ మనవరాలు,
జమున

తా.క.: నిన్న ఒక గుర్రం నా హాజరు కాగితం నమిలేసింది. మేడం దాని నోటివైపు చూసి, హాజరైనట్టే అన్నారు.


సెంటినరీ కాలనీ
మార్చి 7

చిరంజీవి జమునకు తాత రాయమల్లు దీవెనలు.

నీ ఉత్తరం మా వరుస క్వార్టర్లన్నింటికీ చదివి వినిపించాను. గోదావరిఖని నుంచి మన ఆటో రజాక్ పనిగట్టుకుని వచ్చి విన్నాడు. విని దిగులుగా కూర్చున్నాడు. వాళ్ళ షబ్నం మూడు రోజులుగా కుంటుతోంది. కుడికాలు కింద మోపలేకపోతోంది, ముట్టుకుంటే వేడి. కిందటి వారం కాళ్ళకు కొత్త జోడు తొడిగించారు, ఆ తర్వాతే ఈ బాధ. ఇరవయ్యో తారీఖున పెళ్ళి ఊరేగింపు. షబ్నం లేనిదే ఊరేగింపు లేదు. "రాయమల్లన్నా, జమున బిడ్డను జర అడుగు" అని నా చేయి పట్టుకున్నాడు.

వెంటనే రాయి.

తాత

తా.క.: షబ్నంకు సిగ్గెక్కువ. బెల్లం ముక్క చూపిస్తే మాత్రం ఎవరి వెంటైనా వెళ్ళిపోతుంది. రజాక్ ఫికరంతా అదే.


గుర్రాల ఆసుపత్రి
మార్చి 10

తాతకు జమున.

చదివి మనసు పాడైంది. నేను పశువైద్యం చదువుతున్నదాన్ని, పెళ్ళికూతురికి మందు రాయకూడదు. అయినా ఇంటి మనిషిగా చెబుతున్నాను. ముందు ఆ కొత్త జోడు తీసేయండి. రోజుకు రెండుసార్లు ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళలో కాలు పెట్టించండి. నడిపించవద్దు. దవాఖానకు తీసుకెళ్ళి షుగర్ పరీక్ష చేయించండి. బెల్లం సంగతి చూస్తే నాకు అనుమానంగానే ఉంది.

ఆదుర్దాతో,
జమున

తా.క.: అసలు ఈ పెళ్ళి తనకు ఇష్టమేనా? ఇష్టం లేక కుంటుతోందేమో. రజాక్ కాకను, మగవాళ్ళను బయటికి పంపి కుబ్రా చాచీని మెల్లగా అడగమను.


సెంటినరీ కాలనీ
మార్చి 16

డాక్టరమ్మకు తాత దీవెనలు.

నువ్వు రాసినవన్నీ అక్షరం పొల్లు పోకుండా చేశాం. పెళ్ళికూతురి మాట ఎందుకు వచ్చిందో తెలియలేదు, ఆమె నిక్షేపంగా ఉందట. నడిపించవద్దన్నావు గనక షబ్నంను ట్రాలీలో దవాఖానకు తీసుకెళ్ళాం. గేటు దాటనివ్వలేదు. రక్తపరీక్షల వీరేందర్ సూదితో బయటికి వచ్చాడు గాని, షబ్నంను చూసి లోపలికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఇష్టం సంగతి కుబ్రా చెవిలో అడిగింది. తల అటూ ఇటూ ఊపిందట. అవునో కాదో తేలలేదు.

ఉప్పునీళ్ళ బకెట్టును రెండుసార్లు తన్నేసింది. నాలుగోరోజు పాదం నుంచి చీము కారింది, సాయంత్రానికి కాలు మోపింది. రజాక్ నీ పేరు చెప్పి బజారంతా మిఠాయి పంచాడు.

గర్వంతో,
తాత

తా.క.: పొద్దున్నుంచి గడ్డి కూడా తింటోంది.


గుర్రాల ఆసుపత్రి
మార్చి 19

తాతా,

గడ్డి అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఉత్తరం మేడం చేతిలో పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివి, షబ్నంకు కాళ్ళెన్ని అని అడిగారు. రజాక్ కాక ఆటో అమ్మి పెళ్ళిళ్ళ గుర్రాన్ని కొన్నాడని నాకెవరు చెప్పారు? షబ్నం అంటే వాళ్ళ చుట్టాల పిల్ల అనుకున్నాను.

నవ్వి నవ్వి, ఉన్నట్టుండి మేడం ఆగిపోయారు. కొత్తగా కొట్టిన లాడం మేకు లోపలి కండకు తగిలి ఉంటుంది, గుర్రానికి ధనుర్వాతం వస్తే బతకడం కష్టం అన్నారు. వెంటనే రజాక్ కాకకు ఫోన్ చేయించారు. మీ దగ్గరి పశువుల డాక్టరు మధ్యాహ్నమే సూది వేశాడు, గండం గడిచింది. నెలరోజులు షబ్నం మీద ఎవరూ ఎక్కకూడదు. ఊరేగింపు పోయిందని నేను బాధపడితే కాక, "పెండ్లికొడుకు బుల్లెట్ మీద పోతడట. నా షబ్నం పాణం నిలబడ్డది, గదే చాలు బిడ్డా" అన్నాడు.

మనిషికని రాసిన వైద్యమే గుర్రానికీ సరిపోయిందట. మిగతాది మీ ఓపిక.

నీ జమున

తా.క.: ఇక్కడ మొదటి కేసు నమోదయ్యేదాకా సూది ముట్టనివ్వరు. మేడం ఇవాళ నా కేసుల పుస్తకం తీసి, రోగి పేరు షబ్నం అని రాశారు. వైద్యం చేసినవారు అన్నచోట నా పేరు రాసి, కాసేపు ఆలోచించి, దాని ముందు నీ పేరు రాశారు.