కాన్పు గదిలోకి సుమలతను తల్లిగా పంపాలని

ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి సూపరింటెండెంట్ గారి సముఖమునకు,
అమీర్‌పేట నివాసి, దర్జీ జగదీశ్ సమర్పించు అర్జీ.

అయ్యా, లేక అమ్మా (తమరిని చూసే భాగ్యం ఇంకా కలగలేదు),

విషయం: నేపాల్ దేశస్థురాలు బిమలా గురుంగ్ కాన్పు సమయమున నా భార్య సుమలతను తల్లిగా లోనికి అనుమతించుట గురించి.

1. మైత్రీవనం వెనుక గల్లీలో నాది కుట్టుపని దుకాణం. మా పైగదిలో దిల్ బహదూర్, అతని భార్య బిమల కిరాయికి ఉంటున్నారు. అతను ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్లో వంట చేస్తాడు. ఆమె ఈ దేశానికి వచ్చి ఏడాది నిండలేదు. ఇది తొలి కాన్పు.

2. పరాయి దేశంలో ప్రైవేటే భద్రమని దిల్ బహదూర్ ఆమెను ముందుగా సోమాజిగూడలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేనూ అదే సలహా ఇచ్చితిని. అక్కడ చల్లగా ఉంది, డాక్టరమ్మ మంచిగా మాట్లాడింది, ఫిర్యాదేమీ లేదు. అయితే కాన్పు గదిలోకి బయటివారెవరినీ రానివ్వబోమన్నారు. బిమల ఇంటికి వచ్చి సుమలతతో వచ్చీరాని తెలుగులో, "అక్కా, నేను ఒక్కదాన్ని లోపల పోను. మా దీదీ ఒక్కతే పోయింది, మళ్లా రాలేదు" అన్నది. ఆమె అక్క కాన్పులో చనిపోయిందని మాకు అప్పటిదాకా తెలియదు.

3. తమ ఆసుపత్రిలో తోడుగా ఒక ఆడమనిషిని రానిస్తారని విని ఇక్కడికి తెచ్చాము. సిస్టర్ చంద్రిక పరీక్ష చేసి, "బిడ్డ మంచిగున్నది, జర నడువు, ఫికర్ వద్దు" అన్నారు. ఆ రోజు బిమల కడుపునిండా తిన్నది. వరండాలో నేలమీద పడుకున్నవారిని చూసి దిల్ బహదూర్‌కు మాత్రం ధైర్యం చాలలేదు. మళ్లీ ప్రైవేటుకే పోదామన్నాడు, ఆమె వినలేదు.

4. చిక్కు గుమస్తా రామ్మోహనరావు గారి వద్ద వచ్చినది.

"తల్లన్న ఉండాలె, అత్తన్న ఉండాలె. నువ్వేమైతవమ్మా?"

"ఇంటి ఓనర్‌ను," అన్నది సుమలత.

"ఓనర్లను పంపితే రేపు కిరాణ షాపామె సుత వస్తది. తల్లిని పిలిపించుండ్రి."

5. తల్లి నేపాల్‌లో కొండమీద ఉన్నది. మోకాళ్ల నొప్పులతో దిగలేదు. అత్త కాలం చేసినది. సుమలత అర్హతలు ఇవి: వాంతులైనప్పుడు బకెట్ పట్టినది ఆమె. మొన్న బిమల అలిగి అన్నం మానేసినది కూడా ఆమె మీదనే. తల్లి కానివారి మీద ఎవరూ అట్లా అలగరని మనవి.

కావున సదరు సుమలతను కాన్పు ముగియు వరకైనా తల్లిగా ఖాయపరచగలరనియు, పిమ్మట ఆ హోదా రద్దుచేసినా అభ్యంతరం లేదనియు విన్నవించుకొనుచు, తమ మాట కొరకు గేటు వద్దనే నిలిచియున్న

విధేయుడు,
జగదీశ్

తా.క.: ఇది ఇవ్వడానికి వరుసలో నిలబడి ఉండగానే బిమలకు నొప్పులు వచ్చి, సుమలత ఆమెను ఆటోలో తెచ్చింది. రామ్మోహనరావు గారు మళ్లీ "నువ్వేమైతవ్?" అన్నారు. "తల్లిని. రాస్కో" అని ఆగకుండా లోపలికి పోయింది. ఆయన నన్ను చూశారు. నేను అర్జీ చూపాను. చదవకుండానే తల్లి అని రాసుకున్నారు.

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

సాయంత్రం దిల్ బహదూర్ వార్డులోంచి బిమల తల్లికి వీడియో కాల్ కలిపాడు. ఆమెకు తెలుగు రాదు, మా ఆవిడకు నేపాలీ రాదు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. గొంతులను బట్టి చూస్తే, ఇద్దరూ బిమలనే కోప్పడుతున్నట్టుంది. చెవులకు గుడ్డ కట్టుకోలేదని కావచ్చు. బిమల పాపను ఎత్తుకుని నవ్వుతూ వింటోంది.