ముప్పై ఎనిమిది నిమిషాల గీత

మార్చి 2
సార్ పోయి పంతొమ్మిది రోజులు. ల్యాబ్‌లో ఆయన కుర్చీని ఎవరూ జరపలేదు. నేనూ జరపలేదు.

మా పరిశోధన పేపర్ పత్రిక నుంచి తిరిగొచ్చింది, ప్రయోగం ఇంకోసారి చేసి చూపించమని. శనిగ్రహపు చందమామ టైటాన్ గాలికి మా గాజు పాత్రలో నకలు తయారుచేశాం: నైట్రోజన్, మీథేన్, చిటికెడు నీటి ఆవిరి. అందులో మెరుపులు కొట్టిస్తే పుస్తకాల్లో రాసినదానికి పదిరెట్లు కార్బన్ డయాక్సైడ్ పుడుతుందని మా వాదన. కార్బన్‌కి కుదురు లేదనేవారు సార్. శుక్రుడి మీద ఆక్సిజన్‌తో కాపురం, టైటాన్ మీద హైడ్రోజన్‌తో, ఇక్కడికొస్తే ఎవరితో పడితే వాళ్లతో.

మార్చి 4
నాలుగుసార్లు చేశాను. కార్బన్ డయాక్సైడ్‌ని కిరణంతో కొలిచే మెషీన్‌లో గీత లేవడం లేదు.

సార్ భార్య ఫోన్ చేశారు. నేను అక్కా అనే పిలుస్తాను. పేపర్ ఎప్పుడొస్తుందమ్మా అని అడిగారు. ఆయన పేరు అచ్చులో చూసుకుంటే చాలట. త్వరలోనే అన్నాను. నోరెలా వచ్చిందో!

మార్చి 7, మధ్యాహ్నం 3
మెషీన్ దగ్గర ఎప్పుడూ ఆయనే. నా పని లెక్కలు. ల్యాబ్ ఊడ్చే ఆవిడ ఇవాళ మాటల్లో చెప్పింది, పెద్దసారు ఆ మెషీన్ పెట్టె మూత తీసి, అంచుకు గడ్డం ఆనించుకుని కూర్చునేవారని.

మూత తీశాను. కిరణం వెళ్లే దారి మీదకు వంగి ఊపిరి వదిలాను. గీత లేచింది. అచ్చం ఆయన గీతే.

అది టైటాన్ కాదు. మా సార్ ఊపిరి.

మార్చి 8
రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 9
తప్పు ఒప్పుకుంటే పాత ఫైళ్లన్నీ పత్రికకు పంపాలి. ఆఖరి రోజుది కూడా. తెరిచాను.

ఆ రోజు పేపర్ మీద ఎవరి పేరు ముందుండాలని ఆయనతో గొడవపడ్డాను. పది నిమిషాల్లో వస్తానని క్యాంటీన్‌కు పోయి, మూతి ముడుచుకుని గంటసేపు కూర్చున్నాను. వచ్చేసరికి పెట్టె మీద తల వాల్చి ఉన్నారు. క్షణంలో ప్రాణం పోయిందన్నారు డాక్టర్. అక్క ఆ మాట పట్టుకునే బతుకుతున్నారు. నేనూ అంతే.

మెషీన్ నిమిషానికోసారి కొలుస్తుంది. నేను వెళ్లింది 11:02కి. 11:10కి గీత ఉన్నట్టుండి రెట్టింపయింది. తల వాలింది అప్పుడే. ఆ తర్వాత పడుతూ లేస్తూ 11:48 దాకా ఉంది. ఆపైన నెమ్మదిగా దిగిపోయి చదునైంది.

ముప్పై ఎనిమిది నిమిషాలు ఊపిరి తీసుకుంటూనే ఉన్నారు. ఆస్పత్రి ల్యాబ్ ఉన్న వీధి చివరే. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మార్చి 12
ఆ ఒక్క ఫైలూ లేకపోతే ఎవరికీ తెలియదు. తీసేశాను. మళ్లీ పెట్టాను.

మార్చి 13
అన్నీ పంపేశాను. ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పాలని అక్క దగ్గరికెళ్లాను. పేపర్ ఇక రాదన్నాను. ఎందుకో చెప్పాను, గీత చూపించాను, క్యాంటీన్ సంగతీ దాచలేదు.

అరుస్తారనుకున్నాను. అరవలేదు. కళ్లజోడు తెచ్చుకుని, గీత మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వేలు నడిపించారు. క్యాంటీన్‌లో ఏం చేశావని అడిగారు. టీ తాగానని చెప్పాను.

మార్చి 20
అక్క ఫోన్ చేశారు. టీ ఎన్ని కప్పులని అడిగారు.

మూడు.